అలుగు

తాడ్వాయి చెక్‌పోస్టుల ఆ రాత్రి డ్యూటీ నాది.
వానల బండి మీద ఇద్దరొస్తుంటే ఆపిన.
ఒకడు దుంకి చీకట్ల కలిసిండు,
రెండోడు యూరియా బస్త ఒళ్ళె పట్టుకోని కూసున్నడు.
ఏముందిరా అంటే
పనసకాయ సార్ అన్నడు.
నేను ఆడమనిషిననే సోయి గూడ లేదు వానికి.

మూతి విప్పితే నిజంగ పనసకాయే,
కాకుంటే ఊపిరి తీస్తున్నది.

పొద్దున కోర్టు కాయితం వచ్చినంకనే ఇడవాలె,
అప్పటిదాక పదిలమన్నడు రేంజర్ సారు.
ఫైళ్ళ రేకుపెట్టె ఖాళీ చేసి పండవెట్టిన.
మొఖమేది, తోకేది, ఏమెరుక?
మొత్తం పెంకులే,
ఒక్కొక్క పెంకు బాణపు అలుగు లెక్క,
అలుగు మీద అలుగులు.

వంట ముత్తక్క చాయ్ గలాసతో తొంగి చూసి
"పాపం, అలిగింది" అన్నది.

నిద్ర రాక ట్రెయినింగ్ పుస్తకం తీసిన.
దీనికి పండ్లు లేవట.
నాలుక గొంతుల మొదలు కాదట,
ఎక్కడో పక్కబొక్కల అడుగున పుడుతదట.
తిన్నది నలుగనీకి రాళ్ళు మింగుతదట.

"రాళ్ళా?"
ముత్తక్క గలాస కింద పెట్టింది.
"మా మామ మోసినదాని కడుపుల గూడ రాళ్ళే."

ఆమె మామ ఎర్రయ్య
ఎన్నడో ప్రాణహిత ఒడ్డుకు కూలికి పోయిండు.
కలకత్త నుంచి సార్లొచ్చి
ఎర్రమన్ను కుంచెలతోని ఊడుస్తున్నరు.
మన్నుల బొక్కలు, బొక్కల నడుమ
ఎవలో సాన పట్టినట్టు నున్నటి రాళ్ళు.
బల్లి జాతట. రెండు తాళ్ళంత పొడుగు బల్లి.
సార్లు గోనెపట్ట సున్నంల ముంచి
తొడబొక్కకు కట్టు కట్టిండ్రు,
చెట్టు మీంచి పడ్డ పోరనికి కట్టినట్టు.
సచ్చి కోట్ల ఏండ్లయినంక కట్టేందని
ఎర్రయ్య ఒక్కడే నవ్విండట.

నలుగురు మోసిండ్రు ఆ బొక్కను
వాగు దాటి లారీ దాక.
నడిమిట్ల ఎర్రయ్య ఆగిండు.
దించుండ్రి అన్నడు.
ఎందుకు?
దింపుడుకల్లం.
ఇక్కడ దించి చెవుల పేరు పిలువాలె,
పానముంటే లేస్తది.
సార్లు గడియారం చూసుకున్నరు.
ఎర్రయ్య వంగిండు.
చెవి ఏ దిక్కున్నదో తెల్వదు.
పేరు అసలే తెల్వదు.
"ఓ" అన్నడట.
మల్ల "ఓ" అన్నడట.
మూడోసారి నోరు రాలేదట.
ఆ దినం కూలి మూడు రూపాలు
ఇంటికి తెచ్చి ఖర్చు పెట్టకుంట
దూలం మీద పెట్టిండట.

రెండింటికి వైర్‌లెస్ సెట్టు గురగురమన్నది:
లక్నవరం అలుగు పోస్తున్నది, వాగులు దాటొద్దు.
నేను పెట్టె దిక్కు చూసిన.
అవును,
ఇక్కడ గూడ పోసింది.
పెట్టె అడుగున తడి, ఘాటు వాసన.
మేమిద్దరం నవ్వినం,
బెంచి కింద కూసున్న దొంగ గూడ నవ్విండు.

పదకొండింటికి కాయితం వచ్చింది.
అడివిల ఇప్ప చెట్ల నడుమ ఓ పుట్ట చూసి దించినం.
కదలదు.
గంట నిలవడ్డం, కదలదు.
బస్తల ఎన్ని దినాలున్నదో,
ఏం తిన్నదో తినలేదో.
ముత్తక్క చెప్పులిడిచి
తడి ఆకుల మీద మోకాళ్ళేసింది.
"అలుగూ" అన్నది మెల్లగ.
"అలుగూ."
మూడోసారి గట్టిగ అనలేదు,
పెదవులు మాత్రం కదిలినయి.

మనం చూస్తుంటే అది లెవ్వది, రా, అన్నది.
ఇద్దరం వీపు తిప్పినం.
నేను నా బూట్ల దిక్కు చూసుకుంట
నూరు దాక లెక్క పెట్టిన,
నడుమ ఎక్కడో అంకె తప్పి
మల్ల మొదటికొచ్చిన.

తిరిగి చూస్తే
నొక్కుకపోయిన ఆకులు,
పుట్ట దిక్కు ఓ సన్నటి తోక గీత.

పంచనామల రాసిన:
జాతి, అలుగు. సంఖ్య, ఒకటి.
బస్తల దొరికిన ఊడిన పెంకు ఒకటి,
బొటనేలి గోరంత, జమ.
ప్రస్తుత స్థితి అన్న గడి కాడ
పెన్ను ఆగింది.
ముత్తక్కనడిగిన.
"లేసింది అని రాయి" అన్నది.